రెండో హెలికాప్టరు

మొదటి హెలికాప్టరు పిల్లల పుట్టినరోజుకని ఇంట్లోకి వస్తుంది. పది రోజులు తిరిగేసరికి పెద్దవాళ్ల చేతికి చేరుతుంది. ఫ్యాను ఆపేసి, హాల్లో సోఫా చుట్టూ ఒక చుట్టు తిప్పి, టీపాయ్ మీద నెమ్మదిగా దించడం వచ్చాక, "ఇంకొంచెం మంచిది కొందాం" అన్న మాట ఆ ఇంట్లో తప్పకుండా వినబడుతుంది. అలా అన్నవాళ్లలో చాలామంది వెళ్లి పెద్దది కొంటారు. అది మొదటి సాయంత్రమే పక్కకు పడి రెక్కలు విరుచుకుంటుంది, తోక వంకరపోతుంది, చివరికి అట్టపెట్టెతో సహా అటకెక్కుతుంది. అటకెక్కిన అలాంటి యంత్రాలను నేను చాలా ఇళ్లలో చూశాను. వాటిని కొన్నవాళ్లెవరికీ చేతకాక కాదు. మొదటి హెలికాప్టరు తమకు ఎంత సాయం చేసిందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.

నడక నేర్చే పిల్లాడికి మూడు చక్రాల బండి ఇస్తాం. బండి వదిలి నడవడం వేరు, బండి వదిలి మెట్లు దిగడం వేరు. రెండో హెలికాప్టరు ఎంచుకోవడమంటే, మొదటిదానికి కట్టి ఉన్న ఊతల్లో ముందుగా దేన్ని తీసేయాలో తేల్చుకోవడమే. అందుకని ముందు ఆ ఊతలేమిటో చూద్దాం.

సైమా ఎస్107 లాంటి బొమ్మ ఒకటి ఇంట్లో ఉంటే, స్విచ్ ఆపేసి చేతిలోకి తీసుకోండి. ఒకే ఇరుసు మీద రెండు రోటర్లు, ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. పైది ఒకవైపు తిరిగితే కిందది రెండో వైపు తిరుగుతుంది. ఎందుకలా? మోటారు రోటరును ఒకవైపు తిప్పితే, రోటరు ఒంటిని రెండో వైపు తిప్పుతుంది. న్యూటన్ మూడో సూత్రానికి హెలికాప్టరు చెల్లించే పన్ను ఇది. రెండు రోటర్లు ఎదురెదురుగా తిరిగితే రెండు మెలికలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ముక్కు నిలకడగా ఉంటుంది. పక్కకు తిప్పాలంటే ఒక రోటరు వేగం కాస్త తగ్గి, రెండోదాని వేగం కాస్త పెరుగుతుంది.

ఇప్పుడు తోక చివర చూడండి. అక్కడున్న చిన్న ఫ్యాను అసలు హెలికాప్టరుకు ఉన్నట్టు పక్కకు తిరిగి ఉండదు, ఆకాశం వైపు చూస్తుంటుంది. అది తోకను కొంచెం లేపితే ముక్కు వంగి ముందుకు పోతుంది, తోకను కిందికి నొక్కితే వెనక్కి వస్తుంది. కుడికో ఎడమకో జారే ఏర్పాటే దీనికి లేదు. జారలేదు కాబట్టి ఆ జారుడును సరిదిద్దే పని మీ వేళ్లకు ఎప్పుడూ పడలేదు. మీరు దానితో గడిపిన నెల రోజుల్లోనూ హెలికాప్టరుకు ఉన్న అతి పెద్ద కష్టం మీ దాకా రానేలేదు.

అన్నిటికన్నా పైన, రోటరు తల మీద, రెండు చివర్లా బరువులున్న సన్నటి కడ్డీ ఉంటుంది. రెక్కలకు ఏటవాలుగా, ఊగేటట్టు బిగించి ఉంటుంది. దాన్ని ఫ్లైబార్ అంటారు. ఒంటిని అలాగే పట్టుకుని ఆ కడ్డీని వేలితో ఒకవైపు వంచితే, దానికి కలిపి ఉన్న చిన్న లింకు రెక్కల వాలును మారుస్తుంది. ఒక రెక్క ముందు అంచు లేస్తుంది, రెండోదాని అంచు దిగుతుంది. వేలెడంత ఈ కడ్డీ వెనక పన్నెండేళ్ల కథ ఉంది.

అమెరికాలో ఆర్థర్ యంగ్ అనే ఆయన 1927లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో గణితం చదువు ముగించి, 1928 నుంచి హెలికాప్టరు మీద పడ్డాడు. మనిషి కూర్చునే హెలికాప్టరు కట్టబోలేదు, మోడళ్లు కట్టాడు. చివరి కొన్నేళ్లు పెన్సిల్వేనియాలో పేయోలీ దగ్గర ఒక పాత ధాన్యపు కొట్టంలో కరెంటు మోటార్లు పెట్టి వాటిని ఎగరేశాడు. అవి లేచేవి, ఊగేవి, ఊగుడు పెరిగి పడిపోయేవి. పడ్డ ప్రతిసారీ విరిగిన ముక్క మార్చి మళ్లీ లేపేవాడు. మోడల్ కాబట్టి రోజుకు ఎన్నిసార్లు పడినా ప్రాణం పోదు. పడిన ప్రతిసారీ ఒక కొత్త సంగతి తెలిసింది. ఊగుడుకు ఆయన కనిపెట్టిన మందు ఆ కడ్డీయే. బొంగరం వేగంగా తిరుగుతున్నప్పుడు దాని కింద పలకను వంచినా అది నిటారుగానే నిలబడే ప్రయత్నం చేస్తుంది కదా, బరువులు కట్టి తిరిగే కడ్డీ కూడా అంతే. ఒళ్లు వాలినా కడ్డీ తన పాత తలాన్ని వదలదు. ఆ తేడా లింకుల ద్వారా రెక్కలకు చేరి, వాటి వాలు మార్చి, రోటరును పాత దిశకు తెస్తుంది. 1941లో ఆయన తన మోడల్‌ను బఫెలోలోని బెల్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీకి తీసుకెళ్లి ఎగరేసి చూపించాడు. కంపెనీ ఆయన్ను పనిలోకి తీసుకుంది. అక్కడ పుట్టిన బెల్ 47కు 1946 మార్చి 8న సర్టిఫికెట్ వచ్చింది. పౌరుల వాడకానికి అమెరికా ప్రభుత్వం అనుమతించిన మొదటి హెలికాప్టరు అదే. గాజు బుడగలాంటి ముక్కు ఉన్న ఆ యంత్రం ఒకటి ఇవాళ న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ సేకరణలో ఉంది.

మోడల్ ముందు, అసలుది తర్వాత. ఈ వరస నాకు ఎప్పుడూ గొప్పగా అనిపిస్తుంది. రేడియోతో నడిచే మోడళ్లు మాత్రం 1960ల చివర, 1970ల మొదట్లో గానీ దారికి రాలేదు. జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్ అప్పుడు అసలు హెలికాప్టరులో ఉన్న నియంత్రణలన్నీ మోడల్లోకి తెచ్చి, ఇతరులు కొని బిగించుకునే కిట్‌గా అందించాడు.

సరే, ఊతలు మూడు తేలాయి: మెలికను రద్దు చేసే జంట రోటరు, పక్కకు జారనివ్వని నియంత్రణ, నిలబెట్టే కడ్డీ. మూడూ ఒకేసారి తీసేసిన యంత్రం కొంటే అది అటకెక్కుతుంది. మొదటి రెండూ తీసేసి, మూడోది ఉంచిన యంత్రం మీ రెండో హెలికాప్టరు.

అలాంటిది ఉంది. డబ్ల్యూఎల్ టాయ్స్ వి911, ఆ తీరులో వచ్చిన మరికొన్ని. అరచేతిలో ఇమిడేంత యంత్రం, ఒకే రోటరు, నాలుగు చానళ్లు, అంటే నాలుగు విడి నియంత్రణలు, తల మీద బరువుల కడ్డీ, తోక చివర నిజంగా పక్కకు చూసే ఫ్యాను. మొదటి బొమ్మ రిమోట్‌లోని ఇన్‌ఫ్రారెడ్ బదులు 2.4 గిగాహెర్ట్జ్ రేడియో కాబట్టి ఎండలో సిగ్నల్ పోయే బాధ లేదు. స్టిక్ వదిలేస్తే తనంతట తాను మెల్లగా నిటారుగా అవుతుంది. కానీ పక్కకు జారుతుంది, మీరు దాన్ని ఆపాలి.

మొదటిసారి లేపినప్పుడు ఒకటి గమనించండి. దాదాపు అన్ని మోడళ్ల రోటరూ పైనుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. అందువల్ల ఒళ్లు ఎదురు దిశలో తిరగబోతుంది, ముక్కు ఎడమకు పోబోతుంది, తోక కుడికి. తోక ఫ్యాను దాన్ని ఎడమకు నెట్టి ఆపుతుంది. తిరుగుడు ఆగింది గానీ, ఎడమవైపు ఒక నెట్టుడు మిగిలిపోయింది. అందుకే ఒంటి రోటరు హెలికాప్టరు గాలిలో కదలకుండా నిలవాలంటే కుడికి ఇసుమంత వాలి నిలవాలి. కొత్తవాళ్లు ఆ వాలును చూసి ఏదో లోపం ఉందనుకుని ట్రిమ్ బటన్లు నొక్కి నొక్కి చెడగొడతారు. అది లోపం కాదు. అసలు హెలికాప్టర్లలోనూ చాలావాటికి అలాంటి వాలు ఉంటుంది, రోటరు తిరిగే దిశను బట్టి ఎడమకో కుడికో.

ఇక్కడ మీరు అడగవచ్చు: పెద్దది ఎందుకు వద్దు, చిన్నదే ఎందుకు? దీనికి సమాధానం తెలియాలంటే పెన్సిలూ పొడవాటి వెదురు కర్రా తెచ్చుకోండి. కర్రను అరచేతిలో నిటారుగా నిలబెట్టండి. ఒకటి రెండు ప్రయత్నాల్లో నిలుస్తుంది. పెన్సిల్‌ను నిలబెట్టండి. ఎన్నిసార్లు చేసినా నిలవదు. ఒక కర్ర ఎంత త్వరగా ఒరిగిపోతుందన్నది దాని పొడవుకు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. ఒకటిన్నర మీటరు కర్ర ఒరుగుడు మొదలై పెరగడానికి పట్టే కాలం సుమారు 0.3 సెకను. 15 సెంటీమీటర్ల పెన్సిల్‌కు 0.1 సెకను. కంటితో చూసి చెయ్యి కదపడానికి మనకు పట్టేది 0.2 సెకను. కర్ర మనకు గడువిస్తుంది, పెన్సిల్ ఇవ్వదు. హెలికాప్టరుకూ స్థూలంగా ఇదే లెక్క. నాలుగింతలు పెద్దదైతే కదలికలు రెండింతలు నిదానిస్తాయి. కాబట్టి పెద్ద హెలికాప్టరే నడపడానికి తేలిక. చిన్నది కాబట్టి సులువు అనుకోవడం తప్పు.

తేలికైనదాన్ని వద్దంటున్నానంటే కారణం, పడిపోవడం. చీమ మేడ మీంచి పడినా లేచి నడుస్తుంది. వస్తువు పరిమాణం రెండింతలైతే బరువు ఎనిమిదింతలవుతుంది, దాన్ని మోసే కడ్డీల అడ్డుకోత నాలుగింతలే అవుతుంది. అరచేతి హెలికాప్టరు తలుపుకు కొట్టుకుని పడితే దుమ్ము దులిపి మళ్లీ ఎగరేస్తాం. ముప్పావు కిలో యంత్రం అదే ఎత్తు నుంచి పడితే రెక్కలు, ఇరుసు, పెద్ద పళ్లచక్రం, తోక గొట్టం అన్నీ ఒకేసారి పోతాయి. నేర్చుకునే దశలో మీరు రోజుకు పదిసార్లు పడేస్తారు. ఆర్థర్ యంగ్ పన్నెండేళ్లు మోడళ్లతో గడిపింది కూడా ఇందుకే కదా.

చిన్నదానికి ఒరుగుడు వేగం ఎక్కువన్న లోటును ఆ కడ్డీ తీరుస్తుంది. కొత్త మోడళ్లలో కడ్డీ ఉండదు, ఆ పని ఎలక్ట్రానిక్ చిప్ చేస్తుంది. ఇక్కడ కొనేవాళ్లను తికమకపెట్టే తేడా ఒకటుంది. చిప్‌లో ఉన్నది గైరో మాత్రమే అయితే, హెలికాప్టరు ఎంత వేగంగా తిరుగుతోందో దానికి తెలుస్తుంది, "కింద" ఎటుందో తెలియదు. స్టిక్ వదిలేస్తే, ఏ వాలులో వదిలారో ఆ వాలులోనే నిలిచి అలాగే జారిపోతుంది. గైరోతో పాటు యాక్సెలరోమీటరు కూడా ఉంటే కింద ఎటుందో తెలుస్తుంది, స్టిక్ వదలగానే తనే నిటారుగా అవుతుంది. పెట్టె మీద "ఆరు యాక్సిస్" అని ఉంటే మామూలుగా ఈ రెండోదే. కడ్డీ లేనిదాన్ని రెండో హెలికాప్టరుగా కొంటే ఇదే కొనండి.

ఇంతవరకు కొనమని చెప్పినవన్నీ ఫిక్స్‌డ్ పిచ్ యంత్రాలు, అంటే పైకి లేవాలంటే రోటరు వేగం పెంచాలి, దిగాలంటే తగ్గించాలి. ఎగరేయడం వచ్చాక వీటి అసలు పరిమితి బయటపడుతుంది. కిందికి దిగుతున్న యంత్రాన్ని ఆపుదామని థ్రాటిల్ తోస్తారు, రోటరు వేగం పుంజుకునేలోపు అది నేలను తాకుతుంది. రెక్కకు జడత్వం ఉంది. ఆ జడత్వం రోటరు సైజుకు అయిదో ఘాతంతో పెరుగుతుంది. రోటరు రెండింతలైతే తిప్పడానికి అడ్డొచ్చే జడత్వం 32 ఇంతలు. నాలుగు చిన్న ఫ్యాన్ల డ్రోన్ కేవలం వేగాలు మారుస్తూ అంత చురుగ్గా కదలడానికి కారణం, దాని ఒక్కో రెక్కా బుల్లిది కావడం. పెద్ద రోటరుతో ఆ పని కుదరదు. అందుకే కాస్త పెద్ద హెలికాప్టర్లలో వేగాన్ని ఒకేచోట ఉంచి, రెక్కల వాలునే మారుస్తారు. దాన్ని కలెక్టివ్ పిచ్ అంటారు. స్టిక్ కదిపిన మరుక్షణం లేస్తుంది. వాలును సున్నా దాటించి వెనక్కి తిప్పితే తలకిందులుగా కూడా నిలుస్తుంది. మోటారు ఆగిపోయినా, దిగుతున్నప్పుడు కిందినుంచి వచ్చే గాలి రోటరును తిప్పుతూనే ఉంటుంది, ఆ శక్తిని చివరి క్షణంలో వాడుకుని మెత్తగా దించవచ్చు.

ఇంత మంచిదే గానీ, దయలేనిది. థ్రాటిల్ స్టిక్‌ను అలవాటుగా పూర్తిగా కిందికి లాగితే ఫిక్స్‌డ్ పిచ్ యంత్రం ఊరికే దిగుతుంది. వెనక్కి కూడా పూర్తి వాలు ఇచ్చేలా సెట్ చేసిన కలెక్టివ్ పిచ్ యంత్రం నేలను ఢీకొనేటట్టు తనను తానే కిందికి నెట్టుకుంటుంది. ఆ అలవాటు మారాలంటే పది, పదిహేను గంటలు కంప్యూటర్ సిమ్యులేటర్ మీద గడపాలి. అసలు రిమోట్‌నే కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి ఆడేవి వాడండి. సిమ్యులేటర్‌లో వంద రెక్కలు విరిగినా ఖర్చు లేదు. ఈ హాబీలో ఇంతకన్నా లాభసాటి ఖర్చు నాకు తెలియదు.

కాబట్టి మూడో మెట్టుగా, రెండోది కాదు మూడోదిగా, చిన్న కలెక్టివ్ పిచ్ యంత్రం తీసుకోండి. ఎక్స్‌కే కె110 ఈ తరహాది. తనే నిటారుగా అయ్యే మోడ్, ఆ సాయం లేని మోడ్ రెండూ ఒకే స్విచ్ మీద ఉంటాయి. పడితే తట్టుకుంటుంది. దాని తర్వాత గానీ అలైన్ కంపెనీ టీ-రెక్స్ 450 తరగతి వైపు చూడవద్దు.

ఆ 450 తరగతి అంటే ఏమిటో ఒక లెక్కలో చూడండి. రెక్క చివరి నుంచి చివరికి రోటరు వ్యాసం సుమారు 70 సెంటీమీటర్లు. నిమిషానికి సుమారు 2,600 చుట్లు. రెక్క చివర సెకనుకు 95 మీటర్లు, అంటే గంటకు 340 కిలోమీటర్ల వేగంతో పోతోంది. వందే భారత్ రైలు నడిచే 160 కిలోమీటర్లకు రెట్టింపు పైమాటే. ఆ రెక్క కార్బన్ ఫైబర్‌తో చేసింది. ఇంకా పెద్దవి, 700 తరగతివి, ప్రాణం తీస్తాయి. 2013 సెప్టెంబరులో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో, అలాంటి హెలికాప్టర్లు ఎగరేయడంలో చేయి తిరిగిన 19 ఏళ్ల యువకుడు ఒక పార్కులో తన హెలికాప్టరు రెక్క తగిలే చనిపోయాడు. ఇది బెదిరించడానికి చెప్పడం లేదు. ఏ సైజును బొమ్మ అనకూడదో తెలియాలని చెబుతున్నాను. 450 వంటిదాన్ని కనీసం పది మీటర్ల దూరంలో ఉంచండి, పిల్లలు ఆడే మైదానంలోకి తీసుకెళ్లవద్దు, మోటారును ఆపే స్విచ్ మీద వేలు ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి.

మన దేశంలో 2021 డ్రోన్ నియమాలు 25 కిలోలకు మించకుండా, వినోదానికో చదువుకో, కంటిచూపు మేరలో ఎగరేసే మోడళ్లను ప్రత్యేక తరగతిగా గుర్తించాయి. అయినా ఎక్కడ పడితే అక్కడ ఎగరేయడానికి లేదు. హైదరాబాద్‌నే తీసుకోండి. బేగంపేట, హకీంపేట, దుండిగల్, అన్నీ విమానాలు తిరిగే చోట్లే. ఎక్కడ ఎగరేయవచ్చో రంగుల్లో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ మైదానం ఏ రంగులో ఉందో ముందు చూసుకోండి.

కొనేముందు రెండు సంగతులు. మొదటిది విడిభాగాలు. రెక్కలు, పళ్లచక్రం, ఇరుసు, తోక మోటారు, ఈ నాలుగూ విడిగా దొరకని హెలికాప్టరును ఎంత చవకగా వచ్చినా కొనవద్దు. యంత్రంతో పాటే రెండు జతల రెక్కలు తెప్పించుకోండి, లేకపోతే ఒక విరిగిన రెక్క కోసం రెండు వారాలు ఎదురుచూడాలి. రెండోది లిథియం పాలిమర్ బ్యాటరీ. ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు, 3 వోల్టుల కిందికి పోతే పాడైపోతుంది. ఎగరేయని రోజుల్లో 3.8 దగ్గర ఉంచండి. ఉబ్బినదాన్ని మళ్లీ ఛార్జింగ్ పెట్టవద్దు. మే నెలలో ఎండలో నిలిపిన కారులో దాన్ని వదిలి వెళ్లవద్దు. మన ఎండలకు ఆ కారు లోపల బ్యాటరీ ఓర్చుకోలేనంత వేడెక్కుతుంది.

ఇక వి911 చేతికి వచ్చాక ఏం చేయాలి? నేలకు జానెడు ఎత్తులో నిలపడానికి తంటాలు పడకండి. రోటరు కిందికి తోసిన గాలి నేలను తాకి తిరిగి లేస్తుంది, ఆ సుడిలో యంత్రం తూలుతుంది. నడుము ఎత్తు దాటించండి, అక్కడ గాలి ప్రశాంతంగా ఉంటుంది. తోక మీ వైపు పెట్టి నిలపడం మొదటి వారం. పక్కకు తిప్పి నిలపడం తర్వాతి వారం. ముక్కు మీ వైపు తిప్పి నిలపడం అన్నిటికన్నా కష్టం. అప్పుడు దాని కుడి మీకు ఎడమ అవుతుంది. అది మీ ఎడమకు జారుతుంటే, తెలియకుండానే స్టిక్ కుడికి పోతుంది, అది ఇంకా ఎడమకు జారుతుంది. అప్పుడు ఎటు ఒరుగుతుంటే స్టిక్‌ను అటే తోయాలని చాలామంది గుర్తుపెట్టుకుంటారు, పడబోయే గోడకు ఆ పక్కనే కర్ర ఆనించినట్టు. కొన్నాళ్లకు ఆ ఆలోచన అక్కర్లేకుండానే వేళ్లు కదులుతాయి.

ముక్కు మీ వైపు ఉండగా ఒక బ్యాటరీ ఆసాంతం, అయిదారు నిమిషాలు, ఒకే చోట నిలపగలిగిన రోజు మూడో హెలికాప్టరు కొనండి. అంతవరకు ఆ డబ్బు రెక్కల మీద, బ్యాటరీల మీద పెట్టండి.